అయ్యగారిని ఎవరు పోషించారు? తెలుగు క్రైస్తవ సంఘాల్లో పాస్టర్ల జీతం, చదువు, బాగోగులు

తెలుగునాట క్రైస్తవ మతవ్యాప్తి గురించి ఇంతకుముందు పాఠాల్లో మీరు చదివారు. మిషనరీల పేర్లు, వారు పెట్టిన బడులు, ఆసుపత్రులు, అచ్చువేసిన పుస్తకాలు మీకు గుర్తుండే ఉంటాయి. అయితే పల్లెలో క్రైస్తవులు రోజూ చూసిన ముఖం మిషనరీది కాదు. దొరగారు గుర్రం మీదో ఎడ్లబండి మీదో ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి వెళ్లేవారు. మిగిలిన రోజులన్నీ పెళ్లి చేయడానికి, పాతిపెట్టడానికి, పిల్లలకు అక్షరాలు దిద్దించడానికి, మొగుడూపెళ్లాల తగవు తీర్చడానికి అందుబాటులో ఉన్నది తెలుగు బోధకుడే. జనం ఆయన్ని ‘అయ్యగారు’ అన్నారు, ఆయన భార్యను ‘అమ్మగారు’ అన్నారు.

ఈ పాఠంలో ఆ అయ్యగారి గురించి రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఆయనకు తిండి ఎవరు పెట్టారు? ఆయనకు చదువు ఎవరు చెప్పారు? వినడానికి ఇవి చిన్న ప్రశ్నలే. కానీ అయ్యగారు ఎవరికి జవాబుదారీ, ఎవరి ముందు తలెత్తుకోగలడు, ఎవరి ముందు తలవంచాలి అన్నవన్నీ ఈ రెండిటి మీదే ఆధారపడి ఉన్నాయి. మిషన్ల చరిత్ర రాసినవారు బాప్తిస్మాల లెక్కలకు ఇచ్చినంత చోటు ఈ విషయానికి ఇవ్వలేదు. అందుకని మనం కాస్త నిదానంగా చూద్దాం.

ఒంగోలు: మేర పోగొట్టుకున్నవారు పెట్టిన అన్నం

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. ఆ ప్రాంతపు మాదిగల్లో ఈ మతం వ్యాపించడానికి క్లౌ కంటే ముందు చెప్పుకోవలసిన పేరు యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మనిషి. క్రైస్తవంలోకి రాకముందే యోగమార్గంలో గురువును ఆశ్రయించి సాధన చేసినవాడు. గురువు ఊరికి వస్తే కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, తోచింది ఇచ్చి పంపే ఆచారం ఆయనకూ ఆయన చుట్టాలకూ తెలుసు. పేరయ్య, ఆయన వెనక వచ్చిన బోధకులు అదే పద్ధతిలో ఊరూరా తిరిగారు. జనం వారిని గురువులుగానే ఆదరించారు.

క్లౌ దీన్ని గమనించాడు. బోధకుణ్ణి మిషను నౌకరుగా మార్చితే ఊరివారికి అతని మీద హక్కూ బాధ్యతా రెండూ పోతాయని ఆయన అభిప్రాయం. కాబట్టి బోధకుడికి మిషను కొంత సాయం చేయాలి, మిగతాది అతను బోధించే పల్లెలవారే పెట్టుకోవాలి. దీనికే తర్వాత ‘స్వయంపోషణ’ అన్న పేరు స్థిరపడింది. క్లౌ తన అనుభవాలను చెప్పగా ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన పుస్తకం 1914లో అచ్చయింది. గురుశిష్య సంప్రదాయానికీ స్వయంపోషణకూ ఉన్న ఈ సంబంధం అందులో వివరంగా ఉంది.

ఇక్కడ మీరు ఒక విషయం జాగ్రత్తగా చూడాలి. కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహారాధన చేయకూడదు. మతపరంగా చూస్తే ఇవి మామూలు షరతుల్లా కనిపిస్తాయి. మాదిగ కుటుంబపు ఆదాయం వైపు నుంచి చూడండి. ఆ కుటుంబం రైతుకు చెప్పులు, వారులు, కపిల బానలు కుట్టి ఇచ్చేది, ఊరి జాతరలో డప్పు కొట్టేది, చచ్చిన పశువును ఎత్తేది. వీటన్నిటికీ కలిపి కోతల్లో కల్లం దగ్గర ధాన్యం ‘మేర’గా కొలిచి ఇచ్చేవారు. జాతరలో డప్పు కొట్టననీ ఆదివారం పనికి రాననీ చెప్పినవాడి మేర మీద దెబ్బ పడింది. కొన్నిచోట్ల బావి నీళ్లు, దారి కూడా బందయ్యాయి. సరిగ్గా ఇటువంటి కుటుంబాలనే బోధకుణ్ణి పోషించమన్నారు.

స్వయంపోషణ గొప్ప సిద్ధాంతం అని మిషను రచనల్లో తరచు కనబడుతుంది. సిద్ధాంతంగా నేను కాదనను. దాని భారం మాత్రం ఆ జిల్లాలో అందరికంటే పేదవారి మీద, అదీ వారి ఆదాయం తగ్గిన సమయంలోనే పడింది. అయినా వారు పెట్టారు. జొన్నలు, రాగులు, ఒక కోడి, కోతల్లో రెండు మానికల గింజలు. ఆ బోధకుడు కూడా ఎక్కువగా వారిలో ఒకడే, అదే కులంవాడే కాబట్టి వారి ఆకలి అతనికి కొత్త కాదు. వారు తినని రోజున అతనూ తినలేదు.

1876–78 కరువు ఈ ఏర్పాటుకు పెద్ద పరీక్ష. కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకులను అక్కడ మేస్త్రీలుగా పెట్టాడు. పగలు కూలీల పని చూడడం, సాయంత్రం వారితో కూర్చుని మాట్లాడడం. ఈ పనిలో బోధకులకు కూడా పూట గడిచిందని మరచిపోకండి. కరువు తగ్గిన తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె చాలా పుస్తకాల్లో మీకు కనిపిస్తుంది. వాటిలో అంతగా కనిపించని సంగతి ఇంకొకటి ఉంది. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలిచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు వంతులవారీగా దిగారు. ఆ ఏడాది ముగిసేసరికి కొత్త సభ్యులు తొమ్మిది వేలు దాటారు. ఆ తొమ్మిది వేల మందినీ మర్నాటి నుంచి చూసుకోవలసినది కూడా ఆ కొద్దిమంది బోధకులే.

మూడు నెలలకొకసారి

బోధకుల చదువు కోసం బాప్టిస్టులు 1872లో సెమినరీ పెట్టారు. ఒంగోలుకూ నెల్లూరుకూ మధ్య సముద్రపు ఒడ్డున ఉన్న రామాపట్నం దానికి కేంద్రమైంది. పల్లెల నుంచి పెళ్లయిన యువకులు భార్యాపిల్లలతో వచ్చి అక్కడ ఉండి చదువుకున్నారు. చాలామందికి ఓనమాలతో మొదలుపెట్టవలసి వచ్చింది.

సెమినరీకి వెళ్లలేని పాత బోధకుల చదువు మరో చోట సాగింది. మూడు నెలలకొకసారి వారంతా ఒంగోలులో కలిసేవారు. రోజుల తరబడి నడిచి వచ్చేవారు. తాము తిరిగిన పల్లెల వార్తలు ఒకరొకరే లేచి చెప్పేవారు. కొంత పాఠం, కొంత సలహా, కలిసి భోజనాలు, రాత్రిళ్లు పాటలు. ఈనాడు ఉద్యోగుల శిక్షణ తరగతులు, పునశ్చరణ తరగతులు అని మనం వాడే మాటలకు ఇది తొలి రూపం అనుకోవచ్చు. నా దృష్టిలో దాని అసలు విలువ పాఠంలో లేదు. ఊళ్లో ఒంటరిగా, అటు కరణం మునసబుల కోపానికీ ఇటు సంఘస్థుల ఆశలకూ మధ్య నలిగిన మనిషికి తనలాంటివారే మరో ముప్ఫై నలభై మంది ఉన్నారని కళ్లారా చూడడంలో ఉంది. ఆ సమావేశాల్లో చెప్పుకున్న కష్టాలు మిషను నివేదికల్లోకి చాలా తక్కువగా ఎక్కాయి. నివేదికలు అమెరికాలో చందాలిచ్చేవారి కోసం రాసినవి కదా.

జీతం వచ్చింది, దూరం పెరిగింది

పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా తెలుగు ప్రాంతంలో పనిచేస్తున్న మిషన్లన్నీ దాదాపు ఒకే పద్ధతికి వచ్చాయి. గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల్లో లూథరన్లు, కృష్ణా జిల్లాలో ఆంగ్లికన్ చర్చి మిషనరీ సొసైటీ, నైజాం ప్రాంతంలో మెథడిస్టులు, కడప వైపు లండన్ మిషనరీ సొసైటీ. అందరి దగ్గరా బోధకుడికి నెల జీతం, దానికి ఒక మెట్ల వరస: ఉపదేశి, బోధకుడు, అభిషేకం పొందిన పాస్టరు. జీతంతో పిల్లల చదువు, ఇంటికి నిలకడ వచ్చాయి. వాటిని తేలికగా తీసుకోకండి. తోళ్లు ఊనిన ఇంటి నుంచి ఒక తరంలో బడిపంతుళ్లు, నర్సులు రావడానికి ఆ కొద్దిపాటి జీతమే తోవ చూపింది.

కాని జీతమిచ్చే చేయి దొరది. నియమించడం, బదిలీ చేయడం, తీసేయడం ఆయన చేతిలో ఉండేవి. బంగళా వరండాలో అయ్యగారు నిలబడే ఉండేవారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఈ సంగతిని బహిరంగంగా అన్న భారతీయుడు ఒకరున్నారు. ఆయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళుడు. అప్పటికి ఏడాది క్రితమే తిరునెల్వేలి క్రైస్తవులు సొంతంగా నడుపుకుంటున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున నైజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకుంటున్నాడు. మిషనరీలు డబ్బు ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, ఇకనైనా భారతీయ సహోద్యోగులకు స్నేహం ఇవ్వండి అన్నది ఆయన ఉపన్యాస సారాంశం. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆయన అడిగినది జీతం పెంపు కాదని గమనించండి. పక్కన కుర్చీ అడిగారు.

దోర్నకల్ ప్రయోగం

1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే మొదటి భారతీయ బిషప్. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ దీనికోసం చాలా పట్టుబట్టారు. దోర్నకల్ ఇప్పుడు తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఉంది. చిన్న ప్రాంతంతో మొదలైన ఆయన అధికార పరిధి క్రమంగా కోస్తా జిల్లాల్లోని ఆంగ్లికన్ సంఘాలను కూడా కలుపుకొని పెద్దదైంది. 1930ల చివరికి అందులో రెండు లక్షల దాకా క్రైస్తవులు ఉన్నారు. వారిలో అత్యధికులు మాల మాదిగ పల్లెలవారు.

అజరయ్య ముందున్న చిక్కు ఒంగోలులో క్లౌ ముందు ఉన్నదే. ఊళ్లు ఎక్కువ, డబ్బు తక్కువ. ఆయన చేసిన ఏర్పాట్లలో మూడింటి గురించి చెబుతాను.

మొదటిది చదువు. పల్లెల్లో పనిచేయబోయేవారికి తెలుగులోనే శిక్షణ ఇచ్చారు. దోర్నకల్‌లోని డివినిటీ స్కూలులో అభ్యర్థులు కుటుంబాలతో ఉండేవారు, భార్యలకు కూడా పాఠాలుండేవి. పల్లెలో ఆడవారి దగ్గరకు వెళ్లగలిగేది అమ్మగారే అన్న ఎరుక దీని వెనక ఉంది. అజరయ్య భార్య అన్బు మరియమ్మాళ్ ఈ పనిలో ఆయనతో సమానంగా నిలిచారు. చదువుకున్నవాడు చేతిపని మరచిపోకూడదని తోటపని, వ్యవసాయం కూడా చేయించేవారు. దోర్నకల్ వెళ్లినవారు అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ చూసి వస్తారు. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసిన ఆ కట్టడం 1939లో ప్రతిష్ఠ జరిగింది, చూడదగినదే. ఆ పక్కనే సాగిన ఈ బడి గురించి అడిగేవారు తక్కువ.

రెండోది ఎడతెగని శిక్షణ. ఒకసారి అభిషేకం అయిపోతే చదువు అయిపోయినట్లు కాదని ఆయన పట్టుదల. ఎండాకాలంలో ఉపాధ్యాయులకు, పాస్టర్లకు తరగతులు, ప్రార్థనా విశ్రాంతి దినాలు జరిగేవి. బిషప్ స్వయంగా పాఠం చెప్పేవారు. ఎడ్లబండి మీదా సైకిలు మీదా పల్లెలు తిరిగి, బోధకుడి ఇంట్లోనే దిగి, అతని సంగతులు విచారించేవారు.

మూడోది పోషణ. దానం గురించి అజరయ్య ఇంగ్లీషులో ‘క్రిస్టియన్ గివింగ్’ అనే పుస్తకమే రాశారు. పేదవాడైనా ఇవ్వాలి, ఇస్తేనే సంఘం తనదవుతుంది అన్నది ఆయన వాదం. దక్షిణాది సంఘాల్లో వ్యాపించిన పిడికెడు బియ్యం పద్ధతి మీలో కొందరు చూసే ఉంటారు: వంటకు ఎసరు పెట్టేముందు ఇల్లాలు ఒక గుప్పెడు బియ్యం విడిగా కుండలో వేస్తుంది, ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. కోతపండుగ నాడు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు వేలం వేస్తారు. ఈ పద్ధతిలో పాస్టరును పోషించినది ఎవరో గమనించారా? లెక్కల పుస్తకంలో ఇంటి యజమాని పేరు ఉంటుంది. గుప్పెడు బియ్యం మాత్రం తన పళ్లెంలోంచి తీసినది ఆడమనిషి.

అజరయ్యను విమర్శించినవారూ ఉన్నారు. సామూహిక మతాంతరాల విషయంలో గాంధీజీతో ఆయనకు తీవ్రమైన అభిప్రాయ భేదం ఉండేది. దాన్ని మరో పాఠంలో చదువుతారు. పాస్టర్ల విషయంలో నాకు కనిపించే లోపం వేరు. ఆ వ్యవస్థ బిషప్ వ్యక్తిత్వం మీద ఎక్కువగా ఆధారపడింది. 1945 జనవరి 1న ఆయన చనిపోయిన తర్వాత అదే చొరవతో పల్లెలు తిరిగేవారు దొరకడం కష్టమైంది.

1938 తర్వాత

1930ల ఆర్థిక మాంద్యంలో విదేశీ నిధులు తగ్గి మిషన్లన్నీ ఇరుకున పడ్డాయి. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మహాసభ, పాస్టర్ల శిక్షణ మొత్తం క్రైస్తవ కార్యక్రమంలో బలహీనంగా ఉన్న భాగాల్లో ఒకటని ఒప్పుకుంది. దాని ఫలితంగా సి. డబ్ల్యు. రాన్సన్ భారతదేశంలో పాస్టర్ల వృత్తి, శిక్షణల మీద ఒక అధ్యయనం చేసి పుస్తకంగా ప్రచురించారు. అదే రాన్సన్ 1958లో మొదలైన థియలాజికల్ ఎడ్యుకేషన్ ఫండ్‌కు తొలి డైరెక్టరు. నలభై లక్షల డాలర్ల ఆ నిధి ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లో శిక్షణ కళాశాలలకు, గ్రంథాలయాలకు సాయం చేసింది.

మిషన్లు వేరువేరుగా చిన్న సెమినరీలు నడుపుకునే బదులు కలిసి ఒక మంచి కళాశాల పెట్టుకోవాలన్న ఆలోచన తెలుగువారి మధ్య కూడా బలపడింది. 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ మొదలైంది, 1973లో హైదరాబాదుకు మారింది. లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘాల విద్యార్థులు ఒకే బల్ల మీద కూర్చున్నారు. పట్టాలు శ్రీరాంపూర్ సెనేట్‌వి. చదువు స్థాయి పెరిగిన మాట నిజం. అయితే బి.డి. స్థాయి పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషువి. నగరంలో నాలుగేళ్లు చదివినవాడిని పల్లె పాస్టరేటుకు పంపితే అటు సంఘం, ఇటు పాస్టరు ఇద్దరూ ఇబ్బందిపడ్డారు. తెలుగు మాధ్యమంలో చదువుతున్న మీకు ఈ ఇబ్బంది వివరించనక్కర్లేదు.

ఈలోగా యాజమాన్యం కూడా మారింది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘం కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. అక్కడ పాస్టరేట్లు తమ వాటాను డయాసిస్‌కు కడతాయి, డయాసిస్ అందరికీ జీతాలిస్తుంది, కొన్నేళ్లకు బదిలీ చేస్తుంది. పేద పల్లెలో ఉన్నా పట్నంలో ఉన్నా జీతం ఆగదు, పింఛను ఏర్పాటు ఉంటుంది. డయాసిస్ రాజకీయాల్లో ఓడిన వర్గంవాడైతే మాత్రం బదిలీయే శిక్షగా మారవచ్చు. బాప్టిస్టుల్లో సంఘమే పాస్టరును పిలుచుకుంటుంది, సంఘమే పోషిస్తుంది. పెద్ద సంఘం పాస్టరుకూ చిన్న సంఘం పాస్టరుకూ పొంతన ఉండదు. మూడో దారి భక్తసింగ్‌ది. హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా ఆయన సహవాసాల్లో సేవకులకు నిర్ణీత జీతమే లేదు. కలిసి ఉండడం, కలిసి తినడం, పనిలోనే నేర్చుకోవడం. దొర జీతం తెచ్చిన చిన్నతనం ఇందులో లేదు. జబ్బు పడిన రోజుకు భరోసా కూడా లేదు. ఈనాడు ఊరూరా వెలసిన స్వతంత్ర ప్రార్థనా మందిరాల పాస్టర్లు చాలావరకు ఈ మూడో దారిలోనే ఉన్నారు, హెబ్రోను ఇచ్చిన సామూహిక జీవితం మాత్రం లేకుండా.

బడి పాస్టరు దగ్గరకు వచ్చినప్పుడు

దూరవిద్య విద్యార్థులుగా మీకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. 1963లో మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో ఒక ప్రెస్బిటేరియన్ సెమినరీవారు తమ పట్టభద్రుల్లో పల్లెలకు తిరిగి వెళ్లేవారు తక్కువని గుర్తించారు. పల్లె సంఘాలను నిజంగా నడుపుతున్నవారు పొలం, కుటుంబం వదలి సెమినరీకి రాలేరు. అందుకని పాఠాలను స్వయంగా చదువుకునే పుస్తకాలుగా మార్చి, వారానికొకసారి అధ్యాపకుడే దగ్గరి ఊరికి వెళ్లి కలిసే పద్ధతి పెట్టారు. ఇది విస్తరణ వేదాంత విద్య. భారతదేశంలో ఈ పని కోసం 1971లో బెంగుళూరు కేంద్రంగా టాఫ్టీ అనే సంస్థ ఏర్పడింది. హైదరాబాదులో మన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టిందని గుర్తు చేసుకుంటే, ఈ పద్ధతి ఎంత ముందుగా వచ్చిందో తెలుస్తుంది. పగలు కూలికో బడికో వెళ్లి, సాయంత్రం సంఘం చూసుకునే పాస్టరుకు ఇది సరిపోయింది. మరొక విధంగా చూస్తే, మూడు నెలలకొకసారి ఒంగోలుకు నడిచి వచ్చిన బోధకుల సమావేశానికి ఇది దగ్గరి చుట్టం.

ఇప్పటి చిక్కులు

ఆడవారి సంగతి చివరకు వస్తున్నందుకు మూలాలే కారణం. బైబిలు స్త్రీలు వందేళ్లకు పైగా ఇంటింటికీ తిరిగి పనిచేశారు, జీతం బోధకుడి కంటే తక్కువ, అభిషేకం లేదు. పాస్టరు భార్య పని ఏ లెక్కలోనూ లేదు. దక్షిణ ఇండియా సంఘం స్త్రీలకు అభిషేకం ఇవ్వడం 1970లలో మొదలైంది. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత బిషప్ కావడంతో ఆ సంఘంలో తొలి మహిళా బిషప్ తెలుగు ప్రాంతం నుంచే వచ్చారు.

డబ్బు ప్రశ్న కొత్త రూపంలో ప్రభుత్వం దగ్గరకు చేరింది. 2020లో కరోనా కాలంలో ప్రార్థనలు ఆగిపోయి కానుకలు లేనప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్చకులు, ఇమాములతోపాటు పాస్టర్లకు కూడా ఒక్కసారి సాయంగా రూ. 5,000 చొప్పున ఇచ్చింది. ప్రభుత్వ సాయం మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి. లౌకిక రాజ్యం మతబోధకుడికి డబ్బు ఇవ్వవచ్చా అన్నది ఒక వాదం. రెండోది కులానికి సంబంధించినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు, రాష్ట్రంలో అతణ్ణి బి.సి.-సి గా లెక్కిస్తారు. పాస్టరునని కాగితం మీద రాసిచ్చి సాయం తీసుకోవడం ఒక దళిత కుటుంబానికి ఎంత పెద్ద నిర్ణయమో దీనివల్ల అర్థమవుతుంది. పిల్లల రిజర్వేషను ఒక పక్క, నెల గడవడం ఇంకో పక్క.

ఈ చరిత్రకు మూలాలు మీకు దగ్గరలోనే ఉన్నాయి. పాత సంఘాల్లో బాప్తిస్మపు రిజిస్టర్లతోపాటు కమిటీ తీర్మానాల పుస్తకం, కానుకల చిట్టా ఉంటాయి. సంఘ పెద్దలను మర్యాదగా అడిగితే చూపిస్తారు. అందులో అయ్యగారి ఇంటి కప్పు బాగుచేయించాలన్న తీర్మానం ఏ ఏడాది చేశారో, ఆ పని జరిగినట్లు ఖర్చు ఏ ఏడాది రాశారో చూడండి. రెండు తేదీల మధ్య ఎన్ని వానాకాలాలు గడిచాయో లెక్కవేయండి. అజరయ్య కాలం నాటి పల్లె బోధకుల తరం గతించింది, వారి చేతుల్లో పెరిగిన కొడుకులు, కోడళ్లు కొందరు ఇంకా ఉన్నారు. వారితో మాట్లాడినప్పుడు జీతం ఎంత అని మొదట అడగకండి. బదిలీ అయినప్పుడు సామాను ఎలా తీసుకెళ్లారు, పిల్లలు ఎన్ని బళ్లు మారారు, జబ్బు చేస్తే ఎవరు వచ్చారు అని అడగండి.